ఒకరి పొయ్యి మీద మరొకరి పాలు

గిన్నె పెద్దది, పాలు తక్కువ. ఇవి ఇప్పట్లో పొంగవని జ్ఞానేశ్వరికి చూడగానే తెలిసింది. తెలిసినా చెప్పలేదు. వంటింటి గుమ్మంలో, లోపలా కాక బయటా కాక, తన ఇంటికి తానే చుట్టపుచూపుగా వచ్చినట్టు తలుపుచెక్కకు భుజం ఆనించి నిలబడి, తన పొయ్యి ముందు నిలబడ్డ పరాయి మనిషి వీపును చూస్తోంది. ఆకుపచ్చ పట్టుచీర, కొత్తది, మడతల గీతలు ఇంకా పోలేదు. ఆ మనిషి పేరు భానుశ్రీ. శ్రావణం రాగానే ఈ వాటాలోకి అద్దెకు వచ్చేది ఆవిడే. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, భానుశ్రీ అత్తగారు సీతారావమ్మ కూర్చుని ఉంది. ఆ కుర్చీ కూడా జ్ఞానేశ్వరిదే. పొద్దున్న లేచి పొయ్యి కడిగింది, గట్టు కడిగింది, పోపుల డబ్బా మీది నూనె మరకలు సబ్బు పెట్టి తోమింది, గోడకి వేలాడే పాత మసిగుడ్డ తీసి దాచేసి ఉతికింది వేలాడదీసింది. ఎందుకు? పెళ్ళిచూపులకి వస్తున్నారా? ఖాళీ చేయిస్తున్నవాళ్ళ కళ్ళకి కూడా శుభ్రంగా కనపడాలన్న ఈ కోరిక ఏ మూల నుంచి పుడుతుంది మనిషిలో? కడుగుతున్నంతసేపూ చేతుల్లో కోపం ఉంది, ఆ కోపంతోనే పొయ్యి తళతళలాడింది.

ఇంటి ఓనరు వెంకటసుబ్బారావు గారు మొన్న మెట్ల మీద నిలబడి అడిగాడు. లోపలికి రాలేదు. ఎప్పుడూ నేరుగా వచ్చి కాఫీ తాగి వెళ్ళే మనిషి, మెట్టు దిగకుండా, చేతిలో తాళంచెవుల గుత్తి తిప్పుకుంటూ, "ఒక్క గంటమ్మా. అమావాస్య దాటితే ఆషాఢం వచ్చేస్తది. వాళ్ళకి ఈ ఆదివారం ఒక్కటే మంచిరోజంట. పాలు పొంగించుకుని వెళ్ళిపోతారు. సామాన్లు శ్రావణంలోనే. మీరు తాపీగా చూసుకోండి ఇల్లు" అన్నాడు. తాపీగా. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో నిజంగానే దయ ఉంది, అదే ఆమెకు మింగుడుపడలేదు. చెడ్డవాడైతే బాగుండేది. చెడ్డవాడితో దెబ్బలాడి, రెండు మాటలు అని, తలెత్తుకుని సామాను సర్దుకోవచ్చు. అంతకు నెలముందు, టెన్త్ రిజల్ట్స్ వచ్చిన వారానికి, స్కూలు వాళ్ళు సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. పిల్లల ముఖాలు, వాళ్ళ కింద మార్కులు, లెక్కల్లో నూటికి నూరు వచ్చినవాళ్ళకి వేరే వరస. ఆ ఫ్లెక్సీ గాలికి ఊగుతుంటే దాని కిందే బండి ఆపి, ఆయన నవ్వుతూ, "అంతా మీ స్కూలు చలవేనమ్మా. టౌన్లోంచి రోజుకి నలుగురు వస్తున్నారు ఇల్లుందా అని. వాళ్ళు చెప్పే అద్దెలు వింటే నాకే సిగ్గేస్తంది" అన్నాడు. సిగ్గేస్తోందని చెప్పి ఆ అద్దె ఎంతో చెప్పాడు. ఆయన మనవరాలు కూడా అదే స్కూల్లో చదువుతోంది. ఆ పిల్ల ఫీజు కూడా ఏటేటా పెరుగుతోంది. ఆయన మాత్రం ఏం చేస్తాడు అని ఆలోచించగలిగే తన బుద్ధి మీదే ఆమెకు విసుగు.

"మంట సరిపోతుందా అమ్మాయ్?" సీతారావమ్మ అంటోంది.

"ఫుల్లోనే ఉందత్తయ్యా."

ఫుల్లోనే ఉంది. ఎడమ బర్నర్ అంతే. దాని రంధ్రాలు ఎన్నిసార్లు పిన్నుతో పొడిచినా రెండు రోజులకే మళ్ళీ పూడుకుపోతాయి, నీలంగా ఒక పక్కకే మండుతుంది. ఈ సంగతి ఈ భూమ్మీద ఆమెకీ, భర్త జయదేవ్‌కీ, కూతురు శాంభవికీ మాత్రమే తెలుసు. ఒక ఇల్లంటే బహుశా ఇదేనేమో. ఏ కిటికీ రెక్క ఎత్తిపట్టి మూయాలి, ఏ పంపు సగం తిప్పితే చాలు, వానలో ఏ గోడ ముందు చెమ్మగిల్లుతుంది, ఇలాంటివన్నీ. అద్దె పెరిగితే మనిషి ఇంకో ఇంటికి పోతాడు, ఈ తెలిసినవన్నీ ఎక్కడికి పోతాయి? అక్కడ వేరే కిటికీ ఉంటుంది. చెయ్యి మాత్రం కొన్నాళ్ళు పాత కిటికీ కోసమే లేస్తుంది.

ముందుగదిలో టేపు జారిన చప్పుడు. భానుశ్రీ భర్త జయంత్ గోడలు కొలుస్తున్నాడు, ఏసీ ఎక్కడ పెట్టాలో, సోఫా ఎటు పడుతుందో. "కాస్త జరుగుతావామ్మా, ఈ మూల కొలుస్తా" అన్న అతని గొంతు, కుర్చీ జరిగిన చప్పుడు. జరిగింది శాంభవి. టెన్త్ చదువుతోంది, ఆదివారం పొద్దున్న ఫిజిక్స్ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఇల్లు మారతామని దానికి తెలుసు. ఇంటితో పాటు ఇంకేం మారుతుందో తెలీదు. ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఒకచోట దొరుకుతుందని చెప్పి ఉంచారు. చెప్పి ఉంచడం అంటే ఏమిటి, ఇంకా అబద్ధం కాని అబద్ధం. ఇప్పుడు, ఈ గంటలోనే, జయదేవ్ కాలవ అవతల సందులో ఒక చిన్న వాటా చూడ్డానికి వెళ్ళాడు. రేకుల వంటిల్లు, బాత్రూమ్ బయట, అయినా స్కూలుకి నడిచిపోవచ్చు. అది దొరికితే చెప్పిన మాట నిజమవుతుంది. దొరక్కపోతే భవానీపురంలో బావగారి మేడమీద గది. ఈ కంకిపాడు ఒక చివర, భవానీపురం ఇంకో చివర, మధ్యలో విజయవాడ మొత్తం. అక్కణ్ణుంచి రోజూ రెండు బస్సులు మారి రావడం జ్ఞానేశ్వరి ఒక్కసారి ప్రయత్నించి చూసింది, ఎవరికీ చెప్పకుండా, స్కూలుకి సెలవున్న రోజున. బెంజి సర్కిల్ దగ్గర బస్సు ఆగిపోయి కదలనప్పుడు, కిటికీలోంచి చూస్తే ఎదురు వరసలో కార్లు. అవన్నీ పొద్దున్నే ఇటువైపు నుంచి టౌన్లోకి జీతాలకి వెళ్ళినవే, సాయంత్రం ఆ జీతాలతో మళ్ళీ ఇటే వస్తున్నాయి. తను మాత్రం అటు పోతుంది. భవానీపురంలో ఒక చిన్న స్కూలు వాళ్ళు పిలుస్తున్నారు. జీతం తక్కువ, పిల్లకి ఫీజు లేదు. ఇక్కడ మానేస్తే ఇక్కడి ఫీజు రాయితీ పోతుంది. టెన్త్ చదివే పిల్లని మధ్యలో పీకి ఇంకో చోట నాటడం. వరినారు తీసినంత తేలికా అది?

బందరు రోడ్డు వెడల్పు చేసినప్పుడు అందరూ సంతోషించారు, తనూ సంతోషించింది. జయదేవ్ వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తాడు. రోడ్డు పడితే తొందరగా ఇంటికొస్తాడని ఆశ. రోడ్డు పడింది, అతను తొందరగా రావడం మొదలయింది, అతనితో పాటే ఇంకా చాలామంది రావడం మొదలయింది. బ్యాంకుల వాళ్ళు, సెక్రటేరియట్ వాళ్ళు, కంప్యూటర్ల వాళ్ళు. స్కూలు ఊరి చివర చేలో ఉండేది, దాని చుట్టూ చేలు పోయి ఇళ్ళు లేచాయి, ఇళ్ళ గేట్లకి బోర్డులు, స్కూలుకి నడిచే దూరం అని. టిఫిన్ బండి మీద ఇడ్లీ చిన్నదై రేటు పెద్దదయింది. కూరలమ్మే తెరేసమ్మ తనతో ఎన్నేళ్ళుగానో బేరమాడే మనిషి, మొన్న తూకం రాళ్ళు పక్కన పడేసి, "పాత బేరాలు ఇంక నా వల్ల కాదమ్మగారూ. కార్లు ఆపి రేటు అడక్కుండా సంచి పడుతున్నారు. మీకిచ్చే రేటుకి వాళ్ళకిస్తే నన్ను పిచ్చిదనుకుంటారు" అని నవ్వింది. ఆ నవ్వులో శత్రుత్వం లేదు. ఎవరిలోనూ లేదు. అందరి ముఖాల్లోనూ మంచితనమే, ఆ మంచితనంతోనే అందరూ కలిసి తనని కొద్దికొద్దిగా ఊరి అంచుకి జరుపుతున్నారు. జయదేవ్ కొట్టుకి మాత్రం ఈ రోడ్డు చేరలేదు. ఆ సందుల్లో తోపుడుబండ్లు ఇప్పటికీ ఒకదాన్నొకటి దాటలేక ఆగిపోతాయి, జీతాలు కూడా అక్కడే ఎక్కడో ఆగిపోయాయి. పోయిన దసరాకి జీతం పెంచమని అడిగితే సేటు మూతున్న పెద్ద గిన్నె ఇచ్చి పంపాడు. జయదేవ్ దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఆ రాత్రి ఇద్దరూ ఎంత నవ్వారు! నవ్వి నవ్వి శాంభవి పొట్ట పట్టుకుంది. ఇప్పుడు భానుశ్రీ పాలు పోసింది ఆ గిన్నెలోనే. కొత్త గిన్నె ఇంట్లోనే మరిచిపోయారట, ఏదైనా ఉంటే ఇవ్వమన్నారు, తను అందులో ఉన్న బియ్యం డబ్బాలోకి ఒంపి, తుడిచి ఇచ్చింది. పెరగని జీతంలో పాలు. చిన్న గిన్నె ఇచ్చి ఉంటే ఈపాటికి పొంగేవి. కావాలనే పెద్దది ఇచ్చిందా? ఏమో. చెయ్యి దానంతటదే అటక మీదికి పోయింది.

"స్కూలు కోసమేనండీ" భానుశ్రీ వెనక్కి తిరగకుండానే అంటోంది, మౌనం ఇబ్బందిగా ఉన్నట్టుంది. "లేకపోతే ఇంత దూరం ఎవరొస్తారు చెప్పండి. మాకు పటమటలో సొంత ఫ్లాటుంది. అది అద్దెకిచ్చేసి ఇక్కడ అద్దెకొస్తున్నాం. మా వాళ్ళందరూ నవ్వుతున్నారు."

"నవ్వరా మరి" సీతారావమ్మ అంది. "సొంతింట్లో వేరేవాళ్ళు, మేము వేరేవాళ్ళింట్లో. ఈ చదువులేంటో, ఈ పరుగులేంటో."

"మీ అబ్బాయిని పరిగెత్తించింది ఎవరంట? మీరు కాదూ?" అంది కోడలు.

"మా రోజుల్లో స్కూలు కోసం ఇల్లు మారలేదమ్మా. స్కూలుకే మేం వెళ్ళలేదు" అని సీతారావమ్మ తన మాటకి తానే నవ్వుకుంది. జ్ఞానేశ్వరి కూడా నవ్వింది. నవ్వాక తెలిసింది నవ్వానని.

"మా అమ్మాయిని ఈ జూన్‌లో నైన్త్‌లో చేర్పించాం. కారులో దింపి తీసుకెళ్తున్నాం. మా లాస్యకి లెక్కలంటే జ్వరం వచ్చేదండీ, నిజంగా ఒళ్ళు కాలిపోయేది పరీక్ష రోజున. ఇక్కడికొచ్చిన కొద్దిరోజులకే, రాత్రి అన్నం దగ్గర కూడా లెక్కలే. జ్ఞానేశ్వరి మేడమ్ అంట ఒకావిడ. మా ఆఫీసులో కూడా ఆవిడ పేరే చెప్పారు. ఆవిడ దగ్గర చదివితే చాలు, ఇల్లు అక్కడే తీసుకో అన్నారు."

పాలమీద ఒక సన్నటి ముడత కదిలింది, మళ్ళీ సర్దుకుంది. ఆమెకు చెవుల్లో తన పేరు తనది కానట్టు వినిపించింది, బస్టాండులో మైకులో ఎవరినో పిలిచినట్టు. లాస్య. కిటికీ పక్క బెంచీ, పెన్ను మూత కొరికే పిల్ల, ఈ తల్లి కనుబొమలే ఆ పిల్లవి కూడా, ఒకటి కొంచెం పైకి. ఎందుకు పోల్చుకోలేదు తను ఇంతసేపూ? శుక్రవారం పాత పాఠం గుర్తుచేస్తూ బోర్డు మీద అనులోమం, విలోమం రాసింది. ఒకటి పెరిగితే రెండోదీ పెరిగేది, ఒకటి పెరిగితే రెండోది తగ్గేది. పనివాళ్ళూ రోజులూ, వేగమూ కాలమూ, ఎప్పటి ఉదాహరణలే. ఆ పిల్ల మూత నోట్లోంచి తీసి, "మేడమ్, ఒకటి పెరిగితే రెండోది పెరిగి, దానివల్ల మూడోది తగ్గితే?" అని అడిగింది. అప్పుడు క్లాసు మొత్తం నవ్వింది. తను నవ్వలేదు. అంత మంచి ప్రశ్న ఈ మధ్య ఎవరూ అడగలేదు. "పై ఏడాది టెన్త్‌లో చెప్తాను, గుర్తుంచుకుని అడుగు" అంది. అంది, అన్నప్పుడే గుండెలో ఎక్కడో ఒక పుడక విరిగింది. పై ఏడాది అనే మాట నోటికి ఇంకా అలవాటుగానే వస్తోంది.

"నీకు తెలుసామ్మా ఆవిడ? ఇక్కడే ఉంటారుగా మీరు" సీతారావమ్మ అడిగింది.

"చూశానండీ."

"నువ్వేం చేస్తావు? ఉద్యోగమా?"

"లేదండీ. ఇంట్లోనే."

ముందుగదిలో కాగితం తిరగేసిన చప్పుడు ఆగిపోయింది. శాంభవి విన్నది. ఎందుకన్నాను ఆ మాట? నాలుక మీద దానికదే తయారుగా ఉంది, అద్దెకిచ్చే వస్తువులాగ. ఆ జ్ఞానేశ్వరిని నేనే అని చెబితే ఏమవుతుంది? ఈవిడ ముఖం వెలుగుతుంది, చేతులు పట్టుకుంటుంది, అయ్యో మేడమ్ అంటుంది, ఆ అయ్యోలో జాలి ఉంటుంది. ఎవరి కోసం వీళ్ళు సొంత ఫ్లాటు వదిలి ఎక్కువ అద్దె ఇచ్చి వస్తున్నారో, ఆ అద్దె ఇచ్చుకోలేక వెళ్ళిపోతున్నది ఆ మనిషే అని ఈ వంటింట్లో తేలాలి. అది భరించలేక అందా? కాదేమో. ఇంకేదో ఉంది దీని కింద, బావిలో బకెట్టు అడుగు తగిలినట్టు తగులుతోంది. తను బాగా చెప్పడమే ఈ ఇల్లు తనకి కాకుండా చేసింది. పోయినేడాది నూటికి నూరు తెచ్చుకున్నవాళ్ళు ఎక్కువైతే ఎంత మురిసింది! సాయంత్రాలు ఉచితంగా కూర్చోబెట్టి, చేతిరాత దిద్ది, ఏడ్చిన పిల్లల ముక్కులు తుడిచి. వాళ్ళ ముఖాలే ఫ్లెక్సీ మీదికెక్కి, అక్కణ్ణుంచి అద్దె మీదికెక్కాయి. ఒక్క ఏడాది సరిగ్గా చెప్పకుండా ఉంటే? నలుగురు తప్పి ఉంటే? ఈ ఆలోచన కొత్తది కాదు. మొన్న దిద్దుతున్నప్పుడు ఎర్రపెన్ను ఆగింది, ఒక్క క్షణం. లాస్య పేపరేనా అది? కాదు, ఎవరిదో. లెక్క సరిగ్గానే ఉంది, టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు, తర్వాత పెట్టింది. ఎవరూ చూడలేదు. ఆ ఒక్క క్షణంలో అక్కడ కూర్చున్నదెవరు? ఇంట్లోనే ఉంటానన్న మనిషి ఆవిడేనేమో. తను నిజంగా ఆ రెండో మనిషి పేరు చెప్పిందేమో.

చేతిలో ఫోను వణికింది. జయదేవ్. ఆమె రెండడుగులు వెనక్కి, నడవాలోకి వేసింది.

"ఇచ్చేశారంట" అన్నాడు. వెనక కాలవ గట్టు మీద ట్రాక్టరు. "నిన్ననే పాలు పొంగించుకున్నారంట ఎవరో. టౌన్‌వాళ్ళే. ఆ రేకుల వంటింట్లోనే."

ఆమె గోడ మీది చెమ్మ మరకను గోటితో గీకింది.

"జ్ఞానా. వింటున్నావా?"

"ఊఁ."

"అన్నయ్యకి చెప్పేయనా మరి?"

లోపల సీతారావమ్మ, "దగ్గరకొచ్చి చూడవే, మాటల్లో పడ్డావంటే పొంగేది చూసుకోవు" అంటోంది. చెప్పేయనా అనే మాట ఎంత చిన్నది. దాని అవతల భవానీపురం మేడమెట్లు ఉన్నాయి, తోడికోడలి పలకరింపులు ఉన్నాయి, కృష్ణ మీంచి వచ్చే గాలి ఉంది. ఆ గాలి మంచిదే, దానికి కూడా కృతజ్ఞత చెప్పాలి కాబోలు రోజూ. "ఇంటికి రండి ముందు" అని పెట్టేసింది. చెప్పొద్దని అనలేదు. అనకపోతే చెప్పమనే అర్థమని అతనికి తెలుసు. ఇన్నేళ్ళ కాపురంలో ముఖ్యమైనవన్నీ ఇద్దరూ ఇలా అనకుండానే తేల్చుకున్నారు.

మళ్ళీ గుమ్మంలోకి వచ్చేసరికి పాలు అలాగే ఉన్నాయి. అంచున చిన్న చిన్న బుడగలు, నడుమ నిద్ర. తాము ఈ ఇంట్లో పాలు పొంగించుకున్న రోజున శాంభవి చంకలో ఉంది. అప్పుడే మాటలు వచ్చాయి దానికి. పాలు పొంగి పొయ్యి మీదికి జారుతుంటే అందరూ చప్పట్లు కొడితే అది భయపడి, "పోతున్నాయి, పోతున్నాయి" అని ఏడ్చింది. జయదేవ్ దాన్ని ఎత్తుకుని, "పోనీలే. మనకి సరిపోయినదానికంటే ఎక్కువుందని ఇంటికి చెప్తున్నాం" అన్నాడు. ఇల్లు విన్నదనే అనుకున్నారు. ఇన్నేళ్ళూ విన్నట్టే ఉంది. ఇప్పుడు అదే ఇంటికి ఇంకొకరు అదే మాట చెబుతున్నారు, గట్టిగా, కొత్త పట్టుచీర కట్టుకుని. ఇల్లు ఎవరు చెప్పినా వింటుంది. ఎక్కువ ఉన్నవాళ్ళ మాట ఇంకా బాగా వింటుంది.

"ఈ పటం మీ దేవుళ్ళ పక్కన పెట్టి వెళ్తామమ్మా" సీతారావమ్మ సంచీలోంచి వెంకటేశ్వరస్వామిని తీసింది. "ఆషాఢమంతా ఇల్లు మాది కానట్టు ఉండకూడదంట. మీరు దీపం పెట్టేటప్పుడు ఆయనకీ ఓ పువ్వు పడేయండి. శ్రమనుకోకు."

"పెట్టండి" అంది. ఒక నెల పాటు వాళ్ళ దేవుడు తన గూట్లో అద్దె లేకుండా ఉంటాడు. ఆయనకి తన గోడు చెప్పుకోవచ్చా, లేక ఆయన వాళ్ళ పక్షమా? పిచ్చి ఆలోచన. గూట్లో వాళ్ళ స్వామిని పెట్టడానికి తన స్వామిని కాస్త పక్కకు జరిపింది. జరపడం ఎంత తేలికగా వచ్చింది చేతికి.

"ఇంకెంతసేపే" అని సీతారావమ్మ గొంతు మారింది. "దశమి వెళ్ళిపోతే ఏం లాభం. పొంగకపోతే మంచిది కాదు." భానుశ్రీ గరిటెతో కలపబోయి, కలపకూడదని అత్తగారు కేకేస్తే ఆగిపోయింది. వెనక్కి తిరిగింది. నుదుటి మీద చెమట, కళ్ళలో చిన్నపిల్ల భయం, ఒళ్ళు కాలిపోయే జ్వరం ఈ తల్లి నుంచే వచ్చి ఉంటుంది ఆ పిల్లకి. ఆ చూపు జ్ఞానేశ్వరికి బాగా అలవాటు. బోర్డు దగ్గర నిలబెట్టిన పిల్ల సుద్దముక్క పట్టుకుని వెనక్కి తిరిగి చూసే చూపు. ఆ చూపుని ఎదురుచూడనివ్వడం తనకి ఎప్పుడూ చేతకాలేదు. గుమ్మం దాటి లోపలికి నడిచింది.

"ఎడమది సరిగా మండదండీ. కుడిదాని మీద పెట్టండి" అంది. తనే మసిగుడ్డతో గిన్నె ఎత్తి కుడి బర్నర్ మీద పెట్టి, మంట పెంచి, గిన్నె అడుగు తూర్పుకి కొంచెం ఒరిగేలా ఒక స్పూను దోపింది. పెద్ద గిన్నెలో తక్కువ పాలు పొంగాలంటే అదొక్కటే దారి. చేసి, ఒక అడుగు వెనక్కి జరిగింది. ఎందుకు చేశాను? ఏమో, తెలిసింది దాచుకోవడం కంటే చెప్పేయడమే తనకి తేలిక. అదే కదా జబ్బు.

పాలు ఒక్కసారిగా లేచాయి. తెల్లగా, గుండ్రంగా, ఊపిరి పీల్చినట్టు. తూర్పు అంచు మీంచి జారి బర్నర్ మీద చుయ్యిమని, కిందకి పాకి గట్టు రాయి మీద చారలా నిలిచాయి. "గోవిందా, గోవిందా" సీతారావమ్మ కుర్చీలోంచి లేవలేక లేచింది. జయంత్ టేపు పట్టుకునే వచ్చి చప్పట్లు కొట్టాడు. మాడిన పాల వాసన. భానుశ్రీ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "థాంక్సండీ, మీరు లేకపోతే" అంటూ ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. కోపం తెచ్చుకోవడానికి ఆమె గట్టిగా ప్రయత్నించింది, రాలేదు.

పాలల్లో కడిగిన బియ్యం పడ్డాయి, బెల్లం పడింది, గిన్నె మీద మూత పడింది. ఆ కాసేపూ ఏవేవో మాటలు, నీళ్ళు ఏ టైముకి వస్తాయి, దోమలున్నాయా, పనిమనిషి దొరుకుతుందా. అన్నిటికీ జవాబులు చెప్పింది. చెబుతూనే ఉంది, చెబుతున్నకొద్దీ తనకి తెలిసినవన్నీ ఒక్కొక్కటే చేతులు మారుతున్నాయి. పరవాన్నం ఉడికాక స్వామికి నైవేద్యం చూపించారు. "ముందు ఈ అమ్మాయికి పెట్టవే" అంది సీతారావమ్మ. కప్పులు కూడా తేలేదు. భానుశ్రీ, "ఇది తీసుకోనా అండీ" అని అరలోంచి ఒక స్టీలు కప్పు తీసింది.

తీసుకోవద్దనే లోపే తీసేసింది. పోయిన బ్యాచి పిల్లలు ఇచ్చిన కప్పు. జయదేవ్ కొట్లోనే కొన్నారు. పేరు చెక్కించడానికి అతనే పక్కన నిలబడి, నెలరోజులు ఆమెకు చెప్పకుండా దాచాడు. అందులో ఆమె ఎప్పుడూ ఏమీ తినలేదు. భానుశ్రీ గరిటెతో పెట్టి, పట్టుకొస్తూ, అంచు కింద బొటనవేలికి గరుకుగా తగిలినదాన్ని చూసింది. చదివింది. ఇంకోసారి చదివింది.

"జ్ఞానేశ్వరి మేడమ్‌కి, టెన్త్..." అని పైకే అని ఆగిపోయింది. "మేడమ్. మీరా?"

"ఇంట్లోనే ఉంటానన్నావుగా అమ్మా" సీతారావమ్మ అంది. అందులో తప్పుపట్టడం లేదు, అర్థం కాకపోవడమే ఉంది.

భానుశ్రీ ముఖంలో వరసగా ఎన్ని వచ్చాయి! ఆశ్చర్యం, సంతోషం, ఆ సంతోషాన్ని వెనకనుంచి వచ్చి పట్టుకున్న భయం. భయమే ముందుగా మాటయింది. "పై ఏడాది టెన్త్‌కి మీరే చెప్తారుగా మేడమ్? లాస్యకి మీరు మాటిచ్చారంట. ఇంటికొచ్చి చెప్పింది."

నడవాలో అలికిడి. శాంభవి వచ్చి గుమ్మంలో నిలబడింది, ఇందాక తను నిలబడ్డ చోటే, చెక్కకు భుజం ఆనించి. వేలు పుస్తకంలో పెట్టుకునే ఉంది. అది కూడా జవాబు కోసమే చూస్తోంది. ఇద్దరిలో ఎవరికి చెప్పాలి? ఒకే మాట, ఇద్దరు వినేవాళ్ళు. దానికి చెప్పాల్సిన పద్ధతి ఇది కాదు, రాత్రి పక్కన పడుకుని తల నిమురుతూ చెప్పాల్సింది.

"లేదండీ" అంది. "భవానీపురం వెళ్ళిపోతున్నాం. అక్కణ్ణుంచి నేను రాలేను."

"అదేంటి? ఓనరు గారు మీరే వేరే ఇల్లు చూసుకున్నారని..."

"మీరిస్తామన్నంత మేం ఇవ్వలేమండీ."

పైన మేడ మీద వెంకటసుబ్బారావు గారి నడక వినిపించింది, ఆ చివర నుంచి ఈ చివరకి, అక్కడ ఆగింది. జయంత్ చేతిలో టేపు తనంతట తాను లోపలికి చుట్టుకుపోయింది. భానుశ్రీ భర్త వైపు చూసింది, అతను గోడ వైపు చూశాడు. "అయితే మనం ఎవరికోసం..." అని సీతారావమ్మ సగంలో ఆపి, చేతులు మోకాళ్ళ మీదికి తెచ్చుకుని, ఎవరితోనో బతిమాలుతున్నట్టు అంది, "పాలు పొంగించాక వెనక్కి తిరక్కూడదు అమ్మాయ్. ఎట్లా ఇప్పుడు?"

కప్పు ఇంకా భానుశ్రీ చేతిలోనే ఉంది, పరవాన్నం మీద మీగడ కట్టుకుంటోంది.

శాంభవి పుస్తకం గట్టు చివర బోర్లా పెట్టింది. "ఎప్పుడమ్మా?" అంది.

"శ్రావణంలో."

అది తల ఊపింది, హోమ్‌వర్కు ఏమిటో విన్నట్టు. గోడకి వేలాడుతున్న మసిగుడ్డ తీసి, పంపు కింద తడిపి, పిండి, కుడి బర్నర్ చుట్టూ ఎండుతున్న పాలను తుడవడం మొదలుపెట్టింది.

"అయ్యో తుడవకమ్మా!" సీతారావమ్మ లేచింది. "పొంగిన పాలు తుడవకూడదు. పొద్దుపోయేదాకా ఉండనీ. లచ్చిందేవి తల్లీ అది."

"పొయ్యి మాదండీ" అంది శాంభవి. గొంతు పెంచలేదు. "మాతోనే వచ్చేస్తుంది."

ముసలావిడ పొయ్యి వైపు చూసింది, కోడలి వైపు చూసింది. మళ్ళీ పొయ్యి వైపు చూసింది, ఇంతసేపూ అక్కడ ఉన్నదేదో ఇప్పుడే కనపడ్డట్టు. జ్ఞానేశ్వరి కూతురి చెయ్యి పట్టుకుని ఆపాలి. పెద్దవాళ్ళు వద్దన్నప్పుడు వద్దు అని చెప్పాలి. అలాగే పెంచింది, అలాగే ఆపుతూ వచ్చింది. నోరు తెరిచింది. ఆ పిల్ల బర్నర్ చిప్ప ఎత్తి కింద కూడా తుడిచింది, స్టాండు కాళ్ళ మధ్య తుడిచింది, గట్టు మీది తెల్లటి చార మొదటి నుంచి చివర దాకా ఒక్క లాగులో తుడిచింది. ఆ తర్వాత మసిగుడ్డ సింకులో పిండింది. తెల్లటి నీళ్ళు కాసేపు జాలీ మీద సుడి తిరిగాయి. జ్ఞానేశ్వరి చూస్తూ నిలబడింది. ఆపలేదు.